టీనేజ్ నవలలో ప్రేమకు ఎంత పీట?

'లిటిల్ విమెన్' మొదటి భాగం 1868లో వచ్చింది. కొద్ది వారాలకే లూయిసా మే ఆల్కాట్‌కు ఆడపిల్లల ఉత్తరాలు మొదలయ్యాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: ఆ నలుగురు అక్కచెల్లెళ్లకీ ఎవరితో పెళ్లవుతుంది? వాళ్లలో జోని పక్కింటి లారీకిచ్చి చేస్తారా, చేయరా? ఆడదాని బతుక్కి పెళ్లే పరమార్థమన్నట్టు అడుగుతున్నారని ఆల్కాట్ తన డైరీలో విసుక్కుంది. ఎవరి ముచ్చట తీర్చడానికీ జోని లారీకి కట్టబెట్టనని రాసుకుంది. మరుసటి ఏడు రెండో భాగంలో అన్నంత పనీ చేసింది. లారీని కాదన్న జోకి, వయసులో బాగా పెద్దవాడూ చేతిలో పైసా లేనివాడూ అయిన ప్రొఫెసర్ భాయెర్‌ని తెచ్చి, వానలో గొడుగు కింద పెళ్లి మాట ఖాయం చేయించింది. నూట యాభై ఏళ్లు దాటాయి. లారీ పక్షం వాళ్ల కోపం ఇంకా చల్లారలేదు.

జో రచయిత్రి కావాలనుకున్న పిల్ల. అటక మీద కూర్చుని కాగితాలు నింపే జో కథ ముఖ్యమా, ఆమెను ఎవరు చేసుకుంటారన్నది ముఖ్యమా అన్న తగువు ఆనాడూ తేలలేదు, ఈనాడూ తేలలేదు. కాకపోతే ఇప్పుడా తగువు చుట్టూ పెద్ద వ్యాపారం నడుస్తోంది. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల కోసమని 'యంగ్ అడల్ట్' ముద్ర వేసి ఇంగ్లిషులో అచ్చేస్తున్న నవలల్లో యుద్ధం ఉండనీ, మంత్రాలుండనీ, హత్య ఉండనీ, ఏదో ఒక మూల ప్రేమకథ నడుస్తూనే ఉంటుంది. కొందరు పాఠకులకు అది చాలదు. ఇంకొందరికి అది కథకు అడ్డం. రాయడం నేర్పేవాళ్లయితే పాళ్ల గురించి మాట్లాడతారు: ప్రేమకు ఎన్ని అధ్యాయాలివ్వాలి, మొదటి ముద్దు ఎక్కడ పడాలి, మూడోవాణ్ణి ఎప్పుడు దించాలి.

ఈ పాళ్ల లెక్క మీద నాకు నమ్మకం లేదు. ప్రేమ భాగాన్ని కత్తిరించి పక్కన పెట్టి మిగిలిన కథ చదివితే చాలు, సంగతి బయటపడుతుంది. ప్రధాన కథలో ఎవరి నిర్ణయమూ మారకపోతే, అది పది పేజీలే అయినా ఎక్కువే. మారితే, సగం పుస్తకం ఆక్రమించినా అభ్యంతరం లేదు. పేరున్న నవలలు కొన్నింటిని ఈ గీటురాయి మీద గీసి చూద్దాం.

అసలీ సాహిత్యం పుట్టుకలోనే ప్రేమ మీద అలక ఉంది. 1942లో మోరీన్ డేలీ రాసిన 'సెవెంటీన్త్ సమ్మర్' ఒక వేసవిలో నడిచిన తొలిప్రేమ. ఆ తర్వాత చాలా ఏళ్లు అమెరికాలో ఆడపిల్లల నవలంటే డాన్సుకి ఎవరు పిలుస్తారా అన్న ఎదురుచూపే. ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో హైస్కూలు చదువుతున్న ఎస్.ఇ. హింటన్‌కు అది ఒళ్లు మండించింది. తన చుట్టూ కుర్రాళ్లు ముఠాలు కట్టి తన్నుకు చస్తుంటే పుస్తకాల్లో ఫుట్‌బాల్ వీరుడితో షికారు కబుర్లేమిటన్నది ఆమె గొడవ. పదిహేనేళ్లకు మొదలుపెట్టిన 'ది అవుట్‌సైడర్స్' 1967లో అచ్చయ్యేనాటికి ఆమెకు పద్దెనిమిది.

అందులో పేదింటి పోనీబాయ్, డబ్బున్నవాళ్ల పిల్ల చెర్రీ ఒక సాయంత్రం సినిమా దగ్గర కలుస్తారు. సూర్యాస్తమయాల గురించి మాట్లాడుకుంటారు. రేపు బడిలో ఎదురుపడినా పలకరించకపోవచ్చు, ఏమీ అనుకోవద్దని చెర్రీ ముందే చెప్పేస్తుంది. అంతకుమించి ఏమీ జరగదు. పాఠకుడు అనుకున్న ప్రేమ మొగ్గలోనే ఆగిపోతుంది. కానీ తర్వాత పోనీబాయ్ స్నేహితుడి చేతిలో చెర్రీ ప్రియుడే చనిపోయినప్పుడు, తప్పు ఎక్కువగా తన వాళ్లదేనని సాక్ష్యం చెప్పడానికి ఆమె సిద్ధపడుతుంది. ఆ సాయంత్రపు మాటలు లేకపోతే ఈ తెగింపు నమ్మబుద్ధి కాదు. మొగ్గలో ఆగిన ప్రేమ కూడా కథను మలుపు తిప్పగలదని పద్దెనిమిదేళ్ల పిల్ల చూపించింది.

తర్వాత ఈ సాహిత్యం గడియారపు లోలకంలా అటూ ఇటూ ఊగింది. 1975లో జూడీ బ్లూమ్ 'ఫరెవర్'లో తొలిప్రేమను శరీరంతో సహా దాపరికం లేకుండా రాసి, ఏళ్ల తరబడి లైబ్రరీల్లో అభ్యంతరాలు ఎదుర్కొంది. 1983లో మొదలైన 'స్వీట్ వ్యాలీ హై' వరస మళ్లీ షికార్లకీ అసూయలకీ తిరిగొచ్చింది. ఆ కాలపు నవలల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. ప్రేమే ప్రధాన కథ అయినచోట పాళ్ల సమస్యే రాదు.

సమస్యను నిజంగా పట్టుకున్న పుస్తకం సుజాన్ కాలిన్స్ 'ది హంగర్ గేమ్స్' (2008). పన్నెండు జిల్లాల నుంచి ఏటా ఇద్దరేసి పిల్లల్ని తెచ్చి, ఒక్కరు మిగిలేదాకా చంపుకోమని టీవీలో చూపించే దేశం అది. ఆటకు ముందు జరిగే ఇంటర్వ్యూలో పీటా, తను ఎన్నాళ్లుగానో ప్రేమిస్తున్నది తనతో పాటు వచ్చిన కాట్నిస్‌నే అని దేశమంతా వింటుండగా చెప్పేస్తాడు. ఇంటర్వ్యూలు ముగియగానే కాట్నిస్ అతన్ని ఒక్క తోపు తోస్తుంది. అతను పడ్డ చోట పూలకుండీ పగిలి చేతులు తెగుతాయి. నన్ను చేతకానిదానిలా చూపించావన్నది ఆమె కోపం. వాళ్లిద్దరికీ ఆట నేర్పే తాగుబోతు హేమిచ్ ఆ కోపాన్ని కొట్టిపారేస్తాడు. జనానికి నువ్వు నచ్చేలా చేశాడు, జనానికి నచ్చితేనే లోపలికి మందులూ తిండీ పంపే దాతలు దొరుకుతారు అంటాడు. ప్రేమ మాట మొదటిసారి పలికిన చోటే దానికొక ధర పడింది.

ఇక గుహ సన్నివేశం. కాలికి తగిలిన కత్తిగాయం చెడి, జ్వరంతో కాలిపోతున్న పీటాను కాట్నిస్ ఒక గుహలో దాచుతుంది. తను చచ్చిపోతే అని అతనేదో అనబోతే, ఆ మాట ఆపడానికి ముద్దు పెడుతుంది. బయటికి రాగానే చిన్న పారాచూట్‌కు కట్టిన వేడివేడి సూపు గిన్నె దిగుతుంది. పంపింది హేమిచ్. మాటల్లేకుండానే కాట్నిస్‌కు అర్థమవుతుంది: ఒక ముద్దుకు ఒక గిన్నె. అప్పటినుంచి ఆమె ప్రతి మాటా రెండు పనులు చేయాలి. పీటాను ఓదార్చాలి, కెమెరాను మెప్పించాలి. ఏది ఏదో ఆమెకే తెలియదు. కథంతా ఆమె నోటనే, అప్పుడే జరుగుతున్నట్టుగా సాగుతుంది కాబట్టి మనకూ తెలియదు. ఈ కథన పద్ధతిని తర్వాత చాలామంది ఎరువు తెచ్చుకున్నారు గానీ, అది ఇక్కడ ఎందుకు అవసరమైందో గమనించినవాళ్లు తక్కువ.

చివర్లో ఇద్దరే మిగులుతారు. ఇద్దరూ గెలవొచ్చన్న నిబంధనను పాలకులు వెనక్కి తీసుకుంటారు. కాట్నిస్ విషపు పళ్లు తీసి సగం పీటా చేతిలో పోస్తుంది. ఇద్దరూ చస్తే విజేత ఉండడు. ప్రేమికుల చావుని దేశం మొత్తం చూస్తుంది. పాలకులు దిగొస్తారు. ప్రేమను తీసేస్తే ఈ పళ్లు లేవు, పళ్లు లేకపోతే తిరుగుబాటు లేదు, రెండో పుస్తకమే లేదు. ఆ రెండో పుస్తకంలో దేశాధ్యక్షుడు స్నో స్వయంగా ఆమె ఇంటికొచ్చి కూర్చుని, అది తిరుగుబాటు కాదు, ప్రేమ పిచ్చేనని జనాన్ని నమ్మించమంటాడు. పదహారేళ్ల పిల్ల మనసులోని అయోమయం రాజ్యం సమస్య అయిపోతుంది. ప్రేమకూ ప్రధాన కథకూ ఇంత గట్టిగా ముడి వేసిన టీనేజ్ నవల ఇంకొకటి నాకు కనపడలేదు.

మూడో మనిషి గేల్ ఉన్నాడు కదా అంటారు. ఉన్నాడు, మొదటి పుస్తకంలో మాత్రం ఆరంభంలో కనిపించి తెర వెనక్కి వెళ్తాడు. మూడో పుస్తకానికి వచ్చేసరికి అతను బాంబులు కనిపెట్టే పనిలో ఉంటాడు: మొదటి పేలుడుకు గాయపడ్డవాళ్లను ఆదుకోవడానికి పరిగెత్తుకొచ్చే వాళ్లను రెండో పేలుడు చంపాలి. కాట్నిస్ చెల్లెలు ప్రిమ్ అలాంటి రెండో పేలుడులోనే పోతుంది. ఆ బాంబు తనదో కాదో గేల్ చెప్పలేడు. ఆ తర్వాత ఎవరిని ఎంచుకోవాలన్నది అందచందాల లెక్క కాదు. యుద్ధంలో ఎంతదాకా పోవచ్చన్న ప్రశ్నకు ఇద్దరు కుర్రాళ్లు రెండు జవాబులు. అంతకుముందు ఒక రాత్రి, ఆమె నిద్రపోతోందనుకుని వాళ్లిద్దరూ మాట్లాడుకుంటారు. ఎవరు లేకపోతే తను బతకలేదో వాళ్లనే ఆమె ఎంచుకుంటుందంటాడు గేల్. మెలకువగా ఉండి విన్న కాట్నిస్‌కు అవమానం అనిపిస్తుంది. పాఠకులు మాత్రం ఆ అవమానాన్ని పట్టించుకోలేదు. 2012లో సినిమా వచ్చేనాటికి పీటా జట్టు, గేల్ జట్టు అని చీలిపోయారు. నవలలో రాజధాని జనం టీవీ ముందు కూర్చుని చేసింది కూడా ఇదే.

ఈ జట్ల వ్యవహారం 'ట్విలైట్' (2005) నుంచి అంటుకున్నది. స్టెఫెనీ మేయర్ నవలలో ప్రేమ మరీ ఎక్కువైందని తిట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. అక్కడ ప్రేమ ఉపకథ కాదు. బెల్లా, ఎడ్వర్డ్‌ల కథే ప్రధాన కథ. ఉపకథ ఏమిటంటే, ఉరుములతో కూడిన వాతావరణంలో రక్తపిశాచాల కుటుంబం బేస్‌బాల్ ఆడుతుండగా ఊడిపడే వేటగాడు జేమ్స్. అప్పటికి పుస్తకం సగం దాటి చాలా దూరం వచ్చేసింది. ఆలస్యంగా వచ్చి, హడావిడిగా ముగిసిన ఆ ప్రమాదాన్నే తప్పు పట్టాలి. ప్రేమ నవలకు ఉత్కంఠ అతికించడం, ఉత్కంఠ నవలకు ప్రేమ అతికించినంత తేలిగ్గానే బెడిసికొడుతుంది.

మేయర్ మీద వేయదగిన నేరం వేరే ఉంది. రెండో పుస్తకం 'న్యూ మూన్'లో ఎడ్వర్డ్ వదిలి వెళ్లాక పేజీల మీద అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి అని నెలల పేర్లే ఉంటాయి, మిగతాదంతా తెల్ల కాగితం. విరహం చూపించడానికి గొప్ప ఎత్తుగడే, కాదనను. కానీ ఆ ఖాళీ పేజీలు ఇంకో నిజం కూడా చెబుతాయి: ప్రియుడు పోతే ఆ పిల్లకు చేయడానికి పనేమీ లేదు. జోకి రాత ఉంది, కాట్నిస్‌కు విల్లు ఉంది, పోషించాల్సిన చెల్లెలుంది. బెల్లాకు ఎడ్వర్డ్ ఉన్నాడు, అంతే. పైగా అతను 1901లో పుట్టినవాడు, ఆమెకు తెలియకుండా రాత్రిళ్లు గదిలోకొచ్చి నిద్రపోతుంటే చూస్తూ కూర్చున్నవాడు. అదే పనిని మన వీధి కుర్రాడు చేస్తే ఏమంటామో చెప్పనక్కర్లేదు. వెరోనికా రాత్ 'డైవర్జెంట్' (2011)లోనూ పదహారేళ్ల ట్రిస్ ప్రేమించేది తనకు శిక్షణ ఇచ్చే ఫోర్‌నే. వయసు తేడా రెండేళ్లే అయినా అధికారం తేడా పెద్దది. టీనేజ్ నవలలో ప్రేమ ఎంత అని కొలిచేవాళ్లు, అందులో ఎవరి చెయ్యి పైనుందో కూడా చూడాలి. పాళ్ల కంటే నాకు ఈ లెక్కే ముఖ్యం.

చూపులు కలిసిన మరుక్షణమే ప్రాణాలిచ్చే ప్రేమల మీద పాఠకులు 'ఇన్‌స్టా లవ్' అని ముద్ర వేసి జోకులు వేసుకుంటారు. జూలియెట్‌కు ఇంకా పద్నాలుగు నిండలేదనీ, పరిచయం నుంచి సమాధి దాకా వారం కూడా పట్టలేదనీ గుర్తుచేస్తే మాత్రం మాట మారుస్తారు. షేక్స్‌పియర్ తొందరకు ఒక కారణం ఉంది: ఆ తొందరే వాళ్లను చంపింది. తొందరపాటుకు మూల్యం చెల్లించే కథలో తొందరపాటు దోషం కాదు.

నెమ్మదిగా ఉడికే ప్రేమలో ఇటీవల నేను చదివినవాటిలో పై మెట్టున నిలిచేది లీ బార్డుగో 'సిక్స్ ఆఫ్ క్రోస్' (2015). ఆరుగురు కుర్ర నేరస్తులు, ఎవరూ చొరబడలేని ఒక మంచుకోట, లోపలున్న ఖైదీని బయటికి తెస్తే మూడు కోట్ల క్రూగ్‌ల బహుమానం. దోపిడీ కథకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. అయినా మూడు జంటల ప్రేమ ఇందులో ఇమిడింది. ఎలా? ముఠా నాయకుడు కాజ్ ఎప్పుడూ నల్లని తొడుగులు తీయడు. ఎందుకో ఊళ్లో రకరకాల పుకార్లు. అసలు సంగతి చిన్నప్పటిది. ప్లేగు రోగంలో అన్న చనిపోతే, శవాల మధ్య పడేసిన ఈ పిల్లాడు ఆ అన్న శవాన్నే తెప్పలా పట్టుకుని ఈదుకుంటూ ఒడ్డు చేరాడు. అప్పటినుంచి మనిషి ఒళ్లు తగిలితే వాంతికొస్తుంది. అతను ప్రేమించే ఇనెజ్‌ను చిన్న వయసులోనే వేశ్యాగృహానికి అమ్మేశారు, ఆమెకూ స్పర్శంటే భయమే. ఇద్దరూ ఒకరినొకరు ముట్టుకోలేరు.

అందుకే రెండో పుస్తకంలో ఆమె గాయానికి కట్టు మార్చడానికి అతను తొడుగులు తీసిన సన్నివేశం, ఇంకో నవలలో పది ముద్దుల పెట్టు. అందులో వాళ్లు తేల్చుకునేది ఏమీ లేదు. కట్టు కట్టడమే కష్టం, మధ్యలో అతను తట్టుకోలేక దూరం జరుగుతాడు. బార్డుగో చేసిన తెలివైన పని, ప్రేమకు వేరే అధ్యాయాలు కేటాయించకపోవడం. గాయం దోపిడీలో అయింది, కట్టు దోపిడీ కోసం కావాలి, ప్రేమ ఆ కట్టులో దొరుకుతుంది. మొదటి పుస్తకం చివర్లో శత్రువు ఇనెజ్‌నే ఎత్తుకుపోతాడు. కాజ్ బలహీనత ఏమిటో కనిపెట్టాడు కాబట్టి. దాచుకున్న ప్రేమ బయటపడటమే రెండో పుస్తకానికి ఇరుసు అయింది.

యాంజీ థామస్ 'ది హేట్ యు గివ్' (2017) ఇంకో దారి. పదహారేళ్ల నల్లజాతి పిల్ల స్టార్, తన చిన్ననాటి స్నేహితుడు ఖలీల్‌ను పోలీసు కాల్చి చంపడం కళ్లారా చూస్తుంది. ఉండేది పేద వాడలో, చదివేది ఎక్కువగా తెల్లపిల్లలుండే ప్రైవేటు బడిలో. అక్కడ ఆమెకు క్రిస్ అనే తెల్ల కుర్రాడితో ప్రేమ. ఇంత బరువైన కథలో ఈ ప్రేమెందుకు అని అడిగినవాళ్లున్నారు. క్రిస్‌ని తీసేసి చూడండి. ఆ సాక్షిని నేనే అని బడిలో ఎవరికీ చెప్పుకోలేని స్టార్ రెండు ముక్కలుగా బతకడం మనకు ఉపన్యాసంలా మిగిలేది. రోజూ చేయి పట్టుకునేవాడికి కూడా చెప్పలేకపోవడం వల్లే అది నొప్పిగా తగులుతుంది. తండ్రి మావరిక్‌కు క్రిస్ సంగతి చాలాకాలం తెలియకపోవడంతో కొంత నవ్వూ పండింది. చివర్లో వీధులు తగలబడుతున్న రాత్రి కారులో స్టార్ అన్న, అతని స్నేహితుడు కలిసి క్రిస్‌ను ఆటపట్టిస్తూ తిండి గురించీ తెల్లవాళ్ల అలవాట్ల గురించీ ప్రశ్నలు వేస్తారు. భయం మధ్య దొరికిన ఆ నాలుగు నిమిషాల నవ్వు లేకపోతే ఆ అధ్యాయం ఊపిరాడనివ్వదు.

ఇక హ్యారీ పోటర్. ఏడు పుస్తకాల్లో రౌలింగ్ చేతికి చిక్కనిది ఏదైనా ఉందంటే అది ప్రేమకథే. ఐదో పుస్తకంలో (2003) చో చాంగ్‌తో హ్యారీ తడబాటు చక్కగా ఉంది: చనిపోయిన మొదటి ప్రియుణ్ణి తలుచుకుని ఏడుస్తున్న పిల్ల ఇచ్చిన తొలిముద్దు. అది గతంలో జరిగిన చావు నుంచి పుట్టింది. ఆరో పుస్తకంలో (2005) జిన్నీ మీద ప్రేమ మాత్రం ఆట గెలిచిన సంబరంలో ఒక్క ముద్దుతో ఖాయమై, చివర్లో అంత్యక్రియల దగ్గర హ్యారీ చెప్పిన నాలుగు మాటలతో వాయిదా పడుతుంది. ఏడో పుస్తకంలో ఆమె ఎక్కువ భాగం తెర వెనుకే. అంతకుముందు పుస్తకాల్లో ఆమెకు తగినంత చోటివ్వకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. రాన్, హెర్మియొనీలను కలిపింది కథ అవసరం కోసం కాదు, తన సొంత ముచ్చట కోసమేనని రౌలింగ్ 2014లో ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకోవడంతో పాత తగువులు మళ్లీ లేచాయి. నా మటుకు నాకు రాన్, హెర్మియొనీ కీచులాటలే నయం. వాటిలో ఏడేళ్ల సహవాసం వినిపిస్తుంది.

ప్రేమను గెలిపించకుండా ముగించడం ఇంకా కష్టం. ఫిలిప్ పుల్‌మన్ 'ది ఆంబర్ స్పైగ్లాస్' (2000)లో లైరా, విల్ పుస్తకం చివర్లో గానీ ప్రేమించుకోరు. వేర్వేరు లోకాల పిల్లలు. లోకాల మధ్య కత్తితో కోసిన కిటికీలన్నీ మూయాలి, ఒక్కటి మాత్రం ఉంచొచ్చు. అది చనిపోయినవాళ్లు బయటపడటానికే కావాలి. పరాయి లోకంలో ఎక్కువ ఏళ్లు బతకలేరు కూడా. మూడు సంపుటాలుగా కట్టుకొచ్చిన లోకధర్మమే వాళ్లను విడదీసింది, రచయిత క్రూరత్వం కాదు. ఆక్స్‌ఫర్డ్ బొటానిక్ గార్డెన్‌లో ఒక బెంచీ మీద, ఎవరి లోకంలో వాళ్లు, ఏడాదికోసారి నడివేసవి రోజు మధ్యాహ్నం కూర్చుందామని మాట ఇచ్చుకుంటారు. ఆ తోట నిజంగా ఉంది, ఆ బెంచీని వెతుక్కుంటూ పాఠకులు వెళ్తుంటారు. దీని పక్కన 'డైవర్జెంట్' మూడో భాగం 'అలీజియంట్' (2013) పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ట్రిస్ చనిపోతుంది. ధైర్యమైన ముగింపే. కానీ అంతవరకు ఒక్క ట్రిస్ గొంతే విన్న పాఠకులకు ఆ పుస్తకంలో ఉన్నట్టుండి ఫోర్ గొంతు కూడా వినిపించేసరికి, ఏదో కీడు జరగబోతోందని ముందే అనుమానం తగిలింది.

ప్రేమ అక్కర్లేదనే నవలలూ ఉన్నాయి, అవి తక్కువవేం కాదు. ఎలిజబెత్ వైన్ 'కోడ్ నేమ్ వెరిటీ' (2012)లో రెండో ప్రపంచయుద్ధం నాటి ఇద్దరు అమ్మాయిలు, ఒకరు పైలట్, ఒకరు గూఢచారి. వాళ్ల స్నేహంలో ఉన్నంత త్యాగం చాలా ప్రేమ నవలల్లో దొరకదు. ఆలిస్ ఓస్‌మన్ 'రేడియో సైలెన్స్' (2016)లో కథ చెప్పే ఫ్రాన్సిస్, తనకూ ఏలెడ్‌కూ మధ్య ప్రేమ పుట్టదని పాఠకుడికి మొదట్లోనే చెప్పేస్తుంది. దాంతో మనం జంట కుదురుతుందా అని కాచుకోవడం మానేసి, వాళ్లిద్దరూ కలిసి చేసే పనిని చూడటం మొదలుపెడతాం.

ఇన్ని దారులుండగా ఎక్కువ నవలలు ఒకే మూసలో ఎందుకొస్తున్నాయి? కొనేవాళ్లను చూడాలి. అమెరికాలో 2012లో బౌకర్ సంస్థ చేసిన సర్వేలో, పన్నెండు నుంచి పదిహేడేళ్ల వాళ్లకని వేసిన పుస్తకాలు కొంటున్నవారిలో 55 శాతం మంది పద్దెనిమిది దాటినవాళ్లేనని తేలింది. తర్వాత టిక్‌టాక్ వచ్చాక పుస్తకాన్ని కథతో కాక చీటీలతో అమ్మడం పెరిగింది: శత్రువులు ప్రేమికులవడం, ఇద్దరికీ ఒకే మంచం, నకిలీ ప్రేమ నిజమవడం. పెద్దవాళ్లు తమ కోరికలతో చదివే పుస్తకం పిల్లల అరలో ఉండటం వల్ల, పదమూడేళ్ల పాఠకులకు సరిపడే నెమ్మదితనం తగ్గిపోయింది. ప్రచురణకర్తలు దీన్ని ఒప్పుకోరు గానీ అట్టల మీద బొమ్మలు చూస్తే తెలిసిపోతుంది.

మన సంగతికొస్తే, ఈ గీటురాయి మనకు కొత్తది కాదు. 'పాతాళభైరవి' (1951)లో రాకుమారి మీద ప్రేమను తీసేస్తే తోటరాముడికి సంపద కోసం నేపాళ మాంత్రికుడి వెంట పోవాల్సిన పనే లేదు. 'మాయాబజార్' (1957)లో శశిరేఖాభిమన్యుల ప్రేమ లేకపోతే ఘటోత్కచుడికి పనే లేదు. అయినా మన మనసులో మిగిలింది వియ్యాలవారి విందూ, మాయా శశిరేఖ చేసిన అల్లరీ. ప్రేమ కథను నడిపించింది, కానీ కథంతా తానై కూర్చోలేదు. అదే మామూలు సినిమాలో, విలన్‌తో గొడవ మధ్యలో హీరోహీరోయిన్లు స్విట్జర్లాండ్‌లో తేలే పాటను కత్తిరించి చూడండి, ప్రొజెక్టర్ ఆపరేటరే కత్తిరించిన రోజులున్నాయి, కథలో ఏ నిర్ణయమూ మారదు.

పుస్తకాల్లో మాత్రం మనకు ఈ వయసు అరే లేదు. చందమామ కథలో మాంత్రికుణ్ణి చంపినవాడికి రాకుమార్తె, అర్ధరాజ్యం కలిపి ముట్టేవి. రాకుమార్తె ఏమనుకుంటోందో ఎవరూ అడగలేదు. ఆ వయసు దాటగానే నేరుగా వారపత్రికలు, మాసపత్రికల సీరియళ్లు. 1960ల్లో యద్దనపూడి సులోచనారాణి రాసిన 'సెక్రటరీ'ని లెక్కల పుస్తకం మధ్యలో దాచుకుని చదివిన పిల్లలు వేలల్లో ఉంటారు. జయంతికి ఉద్యోగముంది, ఆత్మాభిమానముంది, అందుకే ఆ నవల నిలిచింది. కానీ అది పెద్దవాళ్ల పెళ్లి కథ, పద్నాలుగేళ్ల పిల్ల కథ కాదు. ఇప్పటి పిల్లలు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లోంచి ఇంగ్లిషు ట్విలైట్‌లూ హంగర్ గేమ్స్‌లూ ఏరుకుంటున్నారు. తెలుగులో వాళ్లకిచ్చేది నీతికథ, కాదంటే పెద్దల నవల. ప్రేమ ఉంటే తల్లిదండ్రులు ఒప్పుకోరని భయం, లేకపోతే పిల్లలు చదవరని భయం.

ఈ రెండు భయాలకూ జవాబు ఒక ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో ఉందని నా నమ్మకం. అబ్బాయిలకొక క్యాంపస్, అమ్మాయిలకొక క్యాంపస్. చేతిలో ఫోన్ ఉండదు. తెల్లవారకముందే స్టడీ అవర్. వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గితే సెక్షన్ మారిపోతుంది, సెక్షన్ మారితే ఇంట్లో మాట మారిపోతుంది. ప్రధాన కథకు ఇంతకన్నా ఒత్తిడి ఏం కావాలి? ఇందులో ఒక చిన్న ప్రేమ పడితే అది ర్యాంకుకో, స్నేహానికో, నాన్న చేసిన అప్పుకో తగలకుండా ఉండలేదు. ఆ హాస్టళ్లలో రెండేళ్లు గడిపి వచ్చినవాళ్లు ఇప్పుడు హైదరాబాద్‌లో, బెంగళూరులో, డాలస్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు, వాళ్లలో రాయగలిగినవాళ్లు కొందరైనా ఉంటారు. వాళ్లు రాయాలి. పత్రికలు పోటీలు పెట్టేటప్పుడు నవల, కథ, బాలల కథ అన్న మూడు విభాగాల పక్కన టీనేజ్ నవల అని నాలుగోది చేర్చాలి. అందులో ప్రేమ ఉందా లేదా అన్నది న్యాయనిర్ణేతలు మొదటి ప్రశ్నగా అడగకుండా ఉంటే చాలు.